మనం గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉండి, గోదారి జిల్లాల్లో పోయిన మన పెద్దవాళ్ల మరణం, సమాధి వివరాలు వెతకడం ఎలా

మా అమ్మకి తాతగారు, అంటే నాకు ముత్తాత, రంగంలో, అంటే బర్మా రంగూన్‌లో, బియ్యం మిల్లులో పనిచేసి 1942లో యుద్ధమప్పుడు అందరితోపాటు నడిచి తిరిగొచ్చి, రాజోలు దగ్గర వశిష్ట గట్టున ఉన్న మా ఊళ్లోనే పోయారు. మాకు తెలిసింది ఇంతే. ఏ సంవత్సరం పోయారు, ఎక్కడ పెట్టారు అంటే ఎవరూ గట్టిగా చెప్పేవారు కాదు. ఊళ్లో మావాళ్ల సమాధుల దొడ్డిలో తాతమ్మ రాయి ఉంది గాని ఆయనది లేదు. అమ్మకి డెబ్భై దాటాక అదే బెంగ పట్టుకుంది, తాతకి ఒక రాయి వేయించాలని. నేనేమో కువైట్‌లో, ఇంటికెళ్లేది రెండేళ్లకోసారి, అందుకని ముప్పాతిక పని ఫోన్లోనే చెయ్యాల్సి వచ్చింది. మొత్తం రెండేళ్లు పట్టింది. ఇదే పని మీద మస్కట్‌లో ఉన్నవాళ్లు, డల్లాస్‌లో ఉన్నవాళ్లు నన్ను అడుగుతున్నారు కాబట్టి నాకు ఏది పనికొచ్చిందో అంతా ఒకచోట రాస్తున్నాను.

అందరూ చేసే తప్పు ముందు చెప్తాను, నేనూ అదే చేశాను. డెత్ సర్టిఫికెట్‌తో మొదలుపెట్టడం. ఊళ్లో మనిషిని పంపి పంచాయతీలో అడిగించడం, లేదండి అనిపించుకోవడం, అక్కడితో ఆగిపోవడం. ఏడు నెలలు అలా పోయాయి నాకు. మన వైపు పాతకాలం చావులు కాగితంలో కంటే మనుషుల్లో ఎక్కువ ఉంటాయి. ఆ మనుషులకి ఇప్పుడు ఎనభై, తొంభై ఏళ్లు. కాగితం వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది, వాళ్లు ఉంటారో లేదో చెప్పలేం, కాబట్టి ముందు ఫోన్లు.

ఫోన్ చేసేముందు

ఒక పుస్తకంలో ఆయన గురించి తెలిసినవన్నీ రాసుకోండి. ఇంటిపేరు, ఆయన తండ్రి పేరు, భార్య పేరు, భార్య పుట్టిల్లు ఏ ఊరు, ఊళ్లో ఏ పేట, శివారు పేరు ఏమన్నా ఉందా. పేరు ఒక్కటే రాసుకుంటే కుదరదు, ఎందుకంటే ఇంట్లో ఒక పేరు, కాగితంలో ఒక పేరు, చర్చిలో బాప్తీస్మం పేరు ఇంకొకటి. మా ముత్తాత ఊళ్లో అందరికీ సుబ్బయ్య, చర్చి రిజిస్టర్లో యోహాను, భూమి కాగితాల్లో సుబ్బారాయుడు. ముగ్గురూ ఒకరేనని తెలియడానికే నాకు చాలా కాలం పట్టింది.

ఇంకొకటి, జిల్లా పేరు. ఇది తెలీక చాలామంది తప్పుడు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. 1925 వరకు అటు గోదావరి జిల్లా, ఇటు కృష్ణా జిల్లా, ఆ ఏడాది తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అయ్యాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న మళ్లీ విడగొట్టారు, అమలాపురం హెడ్‌క్వార్టర్‌గా కోనసీమ జిల్లా, కాకినాడ జిల్లా, భీమవరంలో పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లా, రాజమండ్రిలో తూర్పు గోదావరి. కాబట్టి ఒకే ఊరు పాత దస్తావేజులో రాజోలు తాలూకా, తూర్పు గోదావరి జిల్లా, మద్రాసు రాష్ట్రం అని ఉంటుంది, ఇప్పుడు కోనసీమ జిల్లా. మీ ఊరికి ఈ పేర్లన్నీ వరసగా రాసి పెట్టుకోండి.

ఎవరికి చెయ్యాలి, ఏం అడగాలి

అందరూ ఇంటి పెద్ద కొడుకుని అడుగుతారు. నా అనుభవంలో ఆడపడుచులకీ కోడళ్లకీ ఎక్కువ గుర్తుంటుంది. చావు కబురు వింటే పుట్టింటికి పరిగెత్తుకొచ్చేది ఆడపిల్లలు, వచ్చినవాళ్లకి వండి పెట్టేది కోడళ్లు. ఆ రోజు చంకలో ఏ బిడ్డ ఉందో కూడా చెప్తారు వాళ్లు. మాకు దారి చూపించింది మలికిపురంలో ఉండే చిన్నమ్మమ్మ, ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఏడాదే ముత్తాత పోయారు.

చేసే టైం కూడా చూసుకోండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక పడుకుంటారు, సాయంత్రం సీరియళ్లు, రాత్రి తొందరగా నిద్ర. పొద్దున్న టిఫిన్ అయ్యాక పది గంటల ప్రాంతం బాగుంటుంది, అంటే కువైట్‌లో ఏడున్నర, శుక్రవారం సెలవు కాబట్టి నాకు కుదిరేది. అమెరికా వాళ్లకి అది రాత్రి. పక్కన మనవడో మనవరాలో ఉండి స్పీకర్‌లో పెట్టాలి, ఎందుకంటే వినపడదు, వినపడలేదని చెప్పడానికి మొహమాటపడి అవునవునంటారు. ఆ అవునుని నమ్మి నేనొకసారి తప్పుడు ఊరు రాసుకున్నాను. రికార్డ్ చేస్తున్నానని చెప్పి రికార్డ్ చెయ్యండి. మొదటి ఫోన్లో అసలు విషయం అడక్కండి, కుశలం అడగండి చాలు. రెండోసారి వాళ్లే మొదలుపెడతారు.

ఇక ప్రశ్నలు. ఏ సంవత్సరం పోయారు అని అడిగితే తెలీదమ్మా అంటారు, అక్కడితో అయిపోతుంది. ఇలా అడగండి. అప్పుడు సార్వా నాట్లు పడుతున్నాయా, కోతలా? దాన్నిబట్టి జూలై ఆగస్టా, నవంబరు డిసెంబరా తేలిపోతుంది. అప్పటికి మీకు పెళ్లయిందా, కడుపుతో ఉన్నారా, ఎవరు పాలు తాగుతున్నారు? పుష్కరాలకి ముందా వెనకా? గోదారి పుష్కరాలు 1967, 1979, 1991, 2003, 2015లో వచ్చాయి, వాటి మధ్యలో ఎక్కడో ఇరికించొచ్చు. వరదకి ముందా వెనకా, తుఫానుకి ముందా వెనకా? 1996 నవంబరు 6 తుఫాను కోనసీమలో ఎవరూ మర్చిపోరు, 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన కూడా అంతే. ఇంకా వెనక్కి వెళ్తే 1942 ఏప్రిల్ 6న కాకినాడ మీద జపాన్ వాళ్లు బాంబులేసిన రోజు. తలకొరివి ఎవరు పెట్టారు, క్రైస్తవులైతే భూస్థాపన ఆరాధన ఎవరు చేశారు, ఏ ఊరి పాస్టర్ గారు? ఊళ్లో అదే ఏడాది ఇంకా ఎవరు పోయారు? వాళ్ల ఇంట్లో తారీఖు ఉండొచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, ఎలా తీసుకెళ్లారు? భుజాల మీదా, బండి మీదా? నాకు ఇది అడగాలని తట్టలేదు, చిన్నమ్మమ్మ మాటల్లో మాటగా అంది, "పడవ మీద తీసుకెళ్లేరమ్మా, నేను గట్టు మీద నుంచునే చూశాను, ఊరంతా నీళ్లే" అని. మా ఊరి సమాధుల దొడ్డి ఇంటి నుంచి నాలుగు అడుగులు, దానికి పడవెందుకు? అక్కడ దొరికింది దారి.

వరద అనగానే నేను 1986 అనుకున్నాను. ఊళ్లో వేరే ఒకాయన కూడా పెద్ద వరదలో పోయారండి అనే అన్నాడు, ఆయన వయసువాళ్లకి పెద్ద వరదంటే 1986 ఆగస్టుదే, ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది అప్పుడు. అమ్మ వినగానే కొట్టిపారేసింది, తన పెళ్లికే తాత లేరంది. చిన్నమ్మమ్మకి పెద్ద వరదంటే 1953ది. ఒక్కో తరానికి ఒక్కో పెద్ద వరద ఉంటుంది, అందుకే వరద అన్నప్పుడు చెప్పిన మనిషి వయసు కూడా పక్కన రాసుకోండి.

తిథి దొరికితే తారీఖు దొరికినట్టే

హిందూ కుటుంబాలకి ఇది పెద్ద వరం, చాలామంది వాడుకోరు. ఇంట్లో తద్దినం పెడుతున్నారంటే మాసం, పక్షం, తిథి పక్కాగా ఉంటాయి, సంవత్సరం ఒక్కటే మర్చిపోయి ఉంటారు. తద్దినంలో మూడు తరాల పేర్లు చెప్తారు కాబట్టి పెట్టే ఆయన్నో, ఇంటి పురోహితుడు గారినో అడిగితే తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా వస్తాయి. సంక్రాంతి మన వైపు పెద్దల పండగ కదా, పెద్దలకి బట్టలు పెట్టేటప్పుడు ఎవరెవరి పేరు తలుచుకుంటారో ఆ రోజు ఫోన్ చేసి అడగండి, ఇంట్లో అందరూ ఉంటారు, ఒకరు మర్చిపోతే ఒకరు అందుకుంటారు.

తెలుగు సంవత్సరం పేరు కూడా దొరికితే ఇక లెక్కే. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది, విశ్వావసు అంటే 1965 గాని 2025 గాని, విజయ అంటే 1953 గాని 2013 గాని, చిత్రభాను అంటే 1942 గాని 2002 గాని. మనిషి వయసుని బట్టి ఏదో తెలిసిపోతుంది. ఇక్కడొక పొరపాటు జరుగుతుంది, ఉగాదికి మారుతుంది కదా మన సంవత్సరం, కాబట్టి పుష్యం, మాఘం, ఫాల్గుణం చాలావరకు ఇంగ్లీషు తర్వాతి ఏడాదిలో పడతాయి. విశ్వావసు మాఘ బహుళ చవితి అంటే 1965లో వెతికితే దొరకదు, అది 1966 ఫిబ్రవరి రెండో వారం. ఆన్‌లైన్ పంచాంగాల్లో పాత సంవత్సరాలు పెట్టి చూడొచ్చు, ఊరు మాత్రం మీరున్న ఊరు కాకుండా రాజమండ్రో అమలాపురమో పెట్టండి, లేకపోతే తిథి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. అధిక మాసం వచ్చిన ఏడాదైతే అధికమా నిజమా అన్నది కూడా అడగండి.

ఇంట్లోనే ఉండే ఆధారాలు

బీరువాలు, అటకలు వీడియో కాల్‌లో చూపించమనండి. పెద్దకర్మ కార్డులు, పాత శుభలేఖలు. శుభలేఖలో తాతగారి పేరు ముందు కీ.శే. అని ఉందా లేదా అన్నదే మీకు కావాలి, అక్క పెళ్లి కార్డులో లేదు, తమ్ముడి పెళ్లి కార్డులో ఉంది అంటే ఆ మధ్యలోనే పోయారన్నమాట. పెద్దకర్మకి పంచిన స్టీలు గిన్నెలు, పళ్లేల మీద పేరు, తారీఖు చెక్కిస్తారు, మన ఇంట్లోది పోయినా చుట్టాల వంటింట్లో ఎక్కడో ఒకటి ఉంటుంది, అందుకని వాట్సాప్ గ్రూపులో గిన్నెలు తిరగేసి చూడమని అడగండి. గుళ్లో ఫ్యాను రెక్కల మీద, మెట్ల మీద, బస్‌స్టాప్‌లో సిమెంటు బల్లల మీద జ్ఞాపకార్థం అని రాయించి ఉంటారు. క్రైస్తవుల ఇంట్లో అయితే పాత బైబిలు మొదటి పేజీలు, చివరి పేజీలు తప్పకుండా చూడాలి, పుట్టినవి పోయినవి అక్కడే రాసేవారు. ఫోటోలైతే ఫ్రేము విప్పించి వెనక కూడా చూడండి, జాగ్రత్తగా, పాత ఫోటో అద్దానికి అంటుకుపోయి ఉంటే మాత్రం లాగొద్దు.

ఇప్పుడు కాగితాలు

సంవత్సరం సుమారుగా తెలిశాకే పంచాయతీకి వెళ్లాలి. జనన మరణాల నమోదు చట్టం 1969ది, 1970 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీ 1899 చట్టం కింద రాసేవారు, పల్లెల్లో ఆ పని ఊరి మునసబు చేతిలో ఉండేది. 1984లో కరణం మునసబు పోస్టులు తీసేశాక వాళ్ల దగ్గరున్న పుస్తకాలు కొన్ని తాలూకా ఆఫీసుకి చేరాయి, కొన్ని వరదల్లో తడిసి చెదలు పట్టి పోయాయి. కాబట్టి 1970కి ముందుదైతే పంచాయతీ కార్యదర్శి గారిని అడిగి ఆగిపోకుండా, తహశీల్దారు ఆఫీసు రికార్డు రూములో కూడా అడిగించాలి. ఊరి పేరు, పాత తాలూకా పేరు, రెండు మూడేళ్ల మధ్య అని రాసిస్తే వెతుకుతారు. 1950 నుంచి 1980 దాకా వెతకండి అంటే ఎవరూ వెతకరు, వాళ్ల తప్పు కూడా కాదు.

1969 చట్టం సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా ఫీజు కట్టి రిజిస్టర్లో వెతికించి నకలు తీసుకోవచ్చు. కాకపోతే చావుకి కారణం ఏంటన్నది ఆ నకల్లో ఇవ్వరు, చట్టమే ఇవ్వొద్దంది, దానికోసం గొడవ పడకండి. రిజిస్టర్లో లేకపోతే లేదని రాసిచ్చే సర్టిఫికెట్ అడగండి, తర్వాత కోర్టుకో పాస్‌పోర్టు పనికో అది కావాల్సొస్తుంది. అసలు నమోదే కాని చావుని ఇప్పుడు నమోదు చేయించాలంటే, ఏడాది దాటినవాటికి ఇదివరకు మేజిస్ట్రేటు కోర్టుకెళ్లాలి, 2023 సవరణ తర్వాత ఆ అధికారం కలెక్టరుకీ, ఆర్డీఓకీ, కలెక్టరు చెప్పిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకీ ఇచ్చారు. అది 2023 అక్టోబరు 1 నుంచి నడుస్తోంది. పాత తెలిసినవాళ్లు ఇంకా కోర్టు అనే చెప్తారు.

సమాచారం రాకపోతే ఆర్టీఐ, అంటే సమాచార హక్కు చట్టం కింద అర్జీ. ఇక్కడ ఒక మాట, అది భారత పౌరులకే. నాలాగా గల్ఫ్‌లో ఇండియన్ పాస్‌పోర్టుతో ఉన్నవాళ్లు పెట్టొచ్చు, అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు పెట్టలేరు, ఊళ్లో ఉన్న తమ్ముడి పేరు మీద పెట్టించండి. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. సర్టిఫికెట్ తెప్పిస్తానని ముందే వేలకి వేలు అడిగే మధ్యవర్తులు తగులుతారు, ఒకరి చేతిలో మేం పోగొట్టుకున్నాం కూడా, రసీదు లేని డబ్బు ఎవరికీ పంపకండి.

చావు పుస్తకం దొరక్కపోతే భూమి కాగితాలు. ఇది నాకు ఒక రిటైర్డు దస్తావేజు రైటర్ గారు చెప్పారు, ఎంత తేలికో. సెంటు భూమి ఉన్నవాళ్లయినా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఎక్కడో ఒక కాగితంలో ఉంటారు, అమ్మకమో, తనఖానో, పంపకమో. ఆ కాగితంలో ఆయన పేరుతో వేలిముద్ర ఉందంటే ఆ తారీఖుకి బతికున్నారు. కొడుకు పేరు ముందు లేటు ఫలానా గారి కుమారుడు అని ఉందంటే అప్పటికి లేరు. మాకు 1951 తనఖా కాగితంలో ఆయన వేలిముద్ర ఉంది, 1955 పంపకాల కాగితంలో లేటు అని ఉంది. చిన్నమ్మమ్మ చెప్పిన 1953 సరిగ్గా మధ్యలో పడింది. పాత ఈసీలు, అంటే ఒక భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితాలు, ఆన్‌లైన్‌లో రావు, వాటికోసం ఆఫీసులో ఇండెక్సు పుస్తకాలు వెతికించాలి, రాజోలు, అమలాపురం, ముమ్మిడివరం, నరసాపురం, పాలకొల్లు ఇలా మీ ఊరు అప్పట్లో ఏ ఆఫీసు కింద ఉండేదో ముందు కనుక్కోండి.

చర్చి పుస్తకాలు, సమాధుల దొడ్లు

క్రైస్తవులైతే ఏ మిషను అన్నది ముందు తేల్చుకోవాలి, దాన్నిబట్టే పుస్తకం ఎక్కడుందో తెలుస్తుంది. నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు గోదావరి డెల్టా మిషను, అంటే బ్రదరెన్ వాళ్లు, 1836లో బౌడెన్ గారు, బీర్ గారు వచ్చినప్పటి నుంచి. రాజమండ్రి చుట్టూ లూథరన్. కాకినాడ, సామర్లకోట, రామచంద్రపురం, పిఠాపురం వైపు 1874 నుంచి కెనడియన్ బాప్టిస్టులు. ఊరి చర్చిలో పుస్తకం లేకపోతే అది పాస్టరేటు మూల చర్చిలో ఉందేమో అడగండి. మిషనరీలు ఇంటికి రాసిన ఉత్తరాలు, రిపోర్టులు పరాయి దేశాల్లో ఉన్నాయి, బ్రదరెన్ వాళ్లవి మాంచెస్టర్‌లో జాన్ రైలాండ్స్ లైబ్రరీలో, కెనడియన్ బాప్టిస్టులవి హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ దగ్గర. మామూలు సంఘస్తుల చావులు వాటిలో అరుదు, కానీ మీ పెద్దవాళ్లలో ఎవరైనా బోధకుడో, బైబిలు స్త్రీయో (మిషను తరఫున బైబిలు చెప్పే ఆవిడ), మిషను ఆస్పత్రిలో పనిచేసినవారో అయితే వెతకాలి, ఇంగ్లండ్, కెనడాల్లో ఉన్న మనవాళ్లకి అది దగ్గరే.

పాస్టర్ గారికి ఫోన్ చేసి వెతకమనేముందు ఆయనకి ఎంత పనో గుర్తుంచుకోండి. ఆదివారం అస్సలు వద్దు. ఒక సంవత్సరం చెప్పి ఆ ఏడాది పేజీలు ఫోటోలు తీసి పంపమంటే పంపుతారు, మనమే చదువుకోవచ్చు. చనిపోయారు అని వెతికితే కనపడదు, ప్రభువునందు నిద్రించిరి, భూస్థాపన అనే మాటలు చూడండి.

మా ఊరి చర్చి పుస్తకంలో 1953 పేజీలే లేవు. ఆ పడవ మాట లేకపోతే మేం అక్కడే ఆగిపోయేవాళ్లం. వరదలో మా దొడ్డి మునిగిపోయి ఉంటుంది, పడవ మీద ఎక్కడికి తీసుకెళ్తారు, మెరక ఊరికే కదా. అమ్మ, నేను, చిన్నమ్మమ్మ మనవడు కలిసి మ్యాపు ముందు కూర్చుని మా ఊరి చుట్టూ మెరకగా ఉండి, మా సంఘం వాళ్లే ఉన్న ఊళ్లు రాసుకుంటే మూడు తేలాయి. రెండో ఊరి పాస్టర్ గారు పంపిన ఫోటోల్లో 1953 ఆగస్టు పేజీలో ఉంది, ఆయన పేరు, మా ఊరి పేరు, వరద కారణమున ఇచ్చట భూస్థాపన అని. ఫోన్లో అది పెద్దది చేసి చదువుతుంటే నాకు చేతులు వణికాయి, అమ్మకి పంపిస్తే ఆవిడ గంట దాకా ఫోనెత్తలేదు. సొంతూరు ఒక్కటే వెతికి మానేయకండి, వరదల నెలల్లో పోయినవాళ్లకి, ఆస్పత్రికి తీసుకెళ్తే దారిలో పోయినవాళ్లకి, కూతురింట్లో పోయినవాళ్లకి చుట్టుపక్కల ఊళ్లు కూడా చూడాలి.

ఊళ్లో శ్మశానాలు పేటల వారీగా వేరువేరుగా ఉంటాయి, బాధగా ఉన్నా అది నిజం, కాబట్టి ఏ దొడ్డి అన్నది గట్టిగా అడగాలి. ముస్లింలైతే మసీదు కమిటీ వాళ్లని, ఖబరస్తాన్ చూసుకునే వాళ్లని అడగాలి. గోదారి కోసేసిన లంకల్లో అయితే పాత సమాధులు ఏట్లోకి వెళ్లిపోయి ఉండొచ్చు, గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు పెట్టి చూస్తే గట్టు ఎంత వెనక్కి జరిగిందో తెలుస్తుంది, పాత గ్రామ పటంలో శ్మశానం పోరంబోకు సర్వే నంబరు చూసి పోల్చుకోండి. హిందువుల్లో దహనం చేసినవాళ్లకి సమాధి ఉండదు, అస్థికలు ఎక్కడ కలిపారో అడగండి, రాజమండ్రి కోటిలింగాల రేవా, అంతర్వేదిలో సాగర సంగమమా. కాశీ, గయ ఎవరైనా తీసుకెళ్లారంటే అక్కడి పండాల (కర్మలు చేయించే పురోహితుల) పుస్తకాల్లో ఊరిపేరు, ఇంటిపేరుతో వచ్చినవాళ్ల చేత్తో రాయించిన తరాల పేర్లు ఉండొచ్చు.

యానాంలో పోయినవాళ్లయితే దారే వేరు. 1954 దాకా అది ఫ్రెంచివాళ్లది, పుట్టుక, పెళ్లి, చావు ఫ్రెంచిలో రాసేవారు. పాతవి ఫ్రాన్సులో ఎక్స్ ఆన్ ప్రొవాన్స్‌లో ఉన్న ఓవర్సీస్ ఆర్కైవ్స్ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టారు, ఉచితంగా చూడొచ్చు, మన పేర్లు ఫ్రెంచి స్పెల్లింగులో ఉంటాయి కాబట్టి రెండు మూడు రకాలుగా వెతకాలి. కొత్తవి పుదుచ్చేరి పరిధి, ఆంధ్రా ఆఫీసుల్లో అడిగి లాభం లేదు.

రంగంలోనే ఉండిపోయినవాళ్ల సంగతి కష్టం, మామూలు కూలీల చావులకి కాగితం దొరకడం అరుదు. పట్టాళంలో ఉండి పోయినవాళ్లయితే మాత్రం కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ వాళ్ల వెబ్‌సైట్లో పేరు కొట్టి చూడండి, తండ్రి పేరు, ఊరు కూడా చాలాసార్లు ఉంటాయి. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో ఉన్న స్మారకం మీద 27 వేల దాకా పేర్లున్నాయి, సింగపూర్ క్రాంజిలో ఇంకో 24 వేలు, సమాధి లేనివాళ్ల పేర్లు అలాంటి చోట్ల చెక్కారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం లాంటి ఊళ్ల వాళ్లు ముందు అక్కడే చూడాలి.

ఊరికి వెళ్లినప్పుడు

జూలై నుంచి సెప్టెంబరు వద్దు, వరద గోదారి, దొడ్లన్నీ బురద, పాములు. సంక్రాంతికి మనుషులు దొరుకుతారు, ఆఫీసులు దొరకవు. నేను జనవరి రెండో వారంలో దిగి పండగకి పెద్దవాళ్లందరినీ కలిసి, పండగయ్యాక వారం రోజులు ఆఫీసుల పని పెట్టుకున్నాను, అది బాగా కుదిరింది. వెళ్లలేనివాళ్లు నవంబరు 2 సమాధుల పండగకి ఎవరినైనా వీడియో తియ్యమనండి, దొడ్లు శుభ్రం చేసి సున్నం వేసి కొవ్వొత్తులు పెడతారు, ఏ సమాధి ఎవరిదో చెప్పేవాళ్లు ఆ సాయంత్రం అక్కడే ఉంటారు. పాత రాయి మీద అక్షరాలు కనపడకపోతే గీకొద్దు, బ్లేడు, యాసిడ్ అసలొద్దు, మంచినీళ్లు చల్లి, పొద్దున్న ఎండ ఏటవాలుగా పడేటప్పుడు ఫోటో తీస్తే చాలావరకు కనపడతాయి. దొడ్డి చూసుకునే మనిషికి ఎంతో కొంత ఇవ్వండి, అడక్కపోయినా.

మాకు ఊరు దొరికింది, దొడ్డి దొరికింది, ఆ దొడ్డిలో ఎక్కడ అన్నది దొరకలేదు. వరదలో పెట్టింది, రాయి వెయ్యలేదు, ఎవరికీ గుర్తులేదు. ఆ ఊరి సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడి తూర్పు గోడ పక్కన చోటిచ్చారు. పాలకొల్లులో రాయి చెక్కించాం. చెక్కేటప్పుడు ఏ పేరు అన్నది పెద్ద చర్చ అయింది మా ఇంట్లో, చివరికి మూడూ వేయించాం, సుబ్బారాయుడు అని పెద్దగా, కింద యోహాను, సుబ్బయ్య. రంగం నుండి నడిచి వచ్చిరి అన్న మాట అమ్మ చేర్చమంది. చిన్నమ్మమ్మని కారులో తీసుకెళ్లాం, ఆవిడ రాయి ముట్టుకుని చూసి, పడవ ఆ వైపు నుంచి వచ్చిందని చేత్తో చూపించింది.